ఉప్పు, షట్టర్, ఏఈ గారు

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. మూడు నెలల తరవాత పటమట స్కూల్లో నా లైబ్రరీ తాళం నేనే తీశాను. పాత పుస్తకాల వాసన పీల్చేసరికి ప్రాణం లేచొచ్చింది. పగలంతా ఈయన దగ్గర పక్కింటి సంపూర్ణమ్మగారు కూర్చుంటానన్నారు. నాలుగింటికి నేను గుణదల చేరేసరికి ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"హెలెనమ్మా, మీవారు పొద్దుటినుంచీ షట్టరెత్తు, షట్టరెత్తు అని ఒకటే గోల. ఏ షట్టరండీ, వీధిలో కొట్టుదా అనడిగాను. కోప్పడ్డారు."

తలుపు తీయమన్నారు పాపం, గాలి కోసం.

ముప్పై నాలుగేళ్లు కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా తిరిగిన మనిషి. స్ట్రోకు మాటలన్నీ తుడిచిపెట్టాక మిగిలిన గుప్పెడూ కాలువగట్టు మాటలే. తలుపు, కిటికీ, ఫ్రిజ్జు, అప్పుడప్పుడు నా నోరు, అన్నీ తూము షట్టర్లే. కరెంటు వస్తే "నీళ్లొదిలారు". ఏ వారమైనా సోమవారమే. నేను ఏఈ గారిని, అంటే ఆయన పై అధికారి అసిస్టెంట్ ఇంజనీరుని. మొదటిసారి అలా పిలిచినప్పుడు వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఇప్పుడు పలుకుతున్నాను. ఉద్యోగమంతా ఆయన భయపడింది ఏఈలకే కాబట్టి అందులో నాకు కొంత గౌరవం కూడా ఉంది.

డైరీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ ఇంట్లో వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలిగే మనిషిని నేనొక్కదాన్నే. ఆ వాక్యాలు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి.

మార్చి 22 గురించి రాయను. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 14, శనివారం

మాటలు నేర్పే పద్మశ్రీగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ బొమ్మల పుస్తకం తెరిచి ఆపిల్ చూపించింది. ఈయన ఆపిల్ని చూశారు, ఆవిణ్ణి చూశారు, నావైపు తిరిగి కళ్లతోనే "ఈవిడకి ఏమైంది?" అన్నారు.

పద్మశ్రీగారు నవ్వేసింది. "ఇది పని చెయ్యదండీ. నా మీద జాలిపడుతున్నారు. సార్ ఫొటోలు తీసేవారని చెప్పారు కదా, అవి చూపించండి. తన చేత్తో తీసినవైతే మాట వెతుక్కుంటారు. మాట లోపలే ఉంది హెలెన్‌గారూ. అక్కడికి వెళ్లే పాత దారి తెగిపోయింది, అంతే. ఇంకో దారి దొరకాలి."

జూన్ 15, ఆదివారం

చర్చిలో పూజ నుంచి వచ్చాక ఆయన కంప్యూటర్ తెరిచాం. పాత ప్రింట్లు స్కాను చేయించినవి కూడా కలిపి 11,412 ఫొటోలు. ఎంత పద్ధతిగా పెట్టుకున్నారో! సంవత్సరం, ఊరు, పని. 2003, కంకిపాడు, తూము మరమ్మతు. 2011, గుణదల, ఇల్లు రంగులు. మా హన్నా పెళ్లి కూడా 2017, గుణదల, వివాహము అని ఎస్టిమేటు రాసినట్టు రాశారు. ఎంత నవ్వొచ్చిందో.

ఆయన నవ్వలేదు. ఆ పేర్లు ఆయనకి ఇప్పుడు చదవడం రాదు. ఎడమచేత్తో మౌసు పట్టుకుని ఒక ఫోల్డర్ తెరిచారు, మూశారు, ఇంకోటి తెరిచారు. సొంతింట్లో గదులు మర్చిపోయిన మనిషిలా ఉన్నారు. తరవాత తెరని వేలితో కొట్టి "ఉప్పు" అన్నారు. మూడుసార్లు అన్నారు.

పప్పులో ఉప్పు తగ్గించాను కదా, దాని గురించే అయ్యుంటుంది.

జూన్ 17, మంగళవారం

మళ్లీ ఉప్పు. బీపీ మనిషికి ఉప్పేమిటి.

జూన్ 21, శనివారం

పేర్లు చదవలేకపోతే చదవక్కర్లేని పద్ధతి పెడదామని కొత్త ఫోల్డర్లు చేశాను. చర్చి, హన్నా, కాలువలు, వర్షం, పండగలు. పైన ఒక్కో బొమ్మ. బొమ్మ చూసి తెరుచుకుంటారని నా ఆశ.

గంటలోనే చిక్కు వచ్చింది. హన్నాకి ఏడేళ్లప్పుడు మేరీమాత కొండ మెట్లమీద వానలో తడుస్తూ కొవ్వొత్తి పట్టుకున్న ఫొటో ఉంది. అది ఎక్కడ పెట్టాలి? హన్నాలోనా, వర్షంలోనా, పండగలోనా, చర్చిలోనా? నాలుగింటిలోనూ పెట్టాను. సాయంత్రానికి అన్నీ నాలుగేసి, ఐదేసి అయ్యాయి. ఏది తీసేస్తే ఏది పోతుందో తెలియడం లేదు. లైబ్రరీలో ఈ పని ఎవరైనా చేసుంటే ఉద్యోగంలోంచి తీసేయించేదాన్ని.

జూన్ 24, మంగళవారం

ఆయన బందరులో పనిచేసినప్పటి ఫోల్డర్లన్నీ వేరే హార్డ్ డిస్కులోకి మార్చి బీరువాలో పెట్టాను. 1,940 ఫొటోలు. కంప్యూటర్‌లో చోటు చాలడం లేదు.

ఆయనకి చెప్పలేదు. చెప్పినా అర్థం కాదు.

జూన్ 30, సోమవారం

ఈ రోజు నిజంగానే సోమవారం. పొద్దున్న "ఏం వారం?" అనడిగితే గర్వంగా "సోమవారం" అన్నారు. చప్పట్లు కొట్టాను.

లైబ్రరీలో మూల గదిలో పాత కేటలాగు బీరువా ఉంది. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాక దాన్ని ఎవరూ ముట్టుకోరు. దుమ్ము దులుపుదామని ఒక సొరుగు లాగాను. నా చేతిరాతే, ఇరవై ఆరేళ్ల కిందటిది. కృష్ణా డెల్టా కాలువల మీద ఒక పుస్తకానికి రాసిన కార్డు చేతికొచ్చింది. దాని వెనకే అదే పుస్తకానికి ఇంకోటి. నీటిపారుదల కింద ఒకటి, జిల్లా చరిత్ర కింద ఒకటి, వ్యవసాయం కింద ఒకటి, రాసినాయన పేరు కింద ఒకటి.

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. పుస్తకం అరలో ఒక్కచోటే ఉంటుంది. కార్డులు ఎన్నయినా రాసుకోవచ్చు. ఏ పేరుతో వెతుక్కుంటూ వచ్చినా మనిషి ఆ పుస్తకం దగ్గరికే చేరతాడు. పద్మశ్రీగారు చెప్పిన ఇంకో దారి ఇదే. పాతికేళ్లపైగా ఇదే పని చేస్తూ, ఇంటికి వెళ్లి ఫొటోలు నాలుగేసి కాపీలు తీస్తూ కూర్చున్నాను.

మా కంప్యూటర్ టీచర్ ఉషగారిని అడిగితే అరనిమిషంలో చెప్పేసింది. "వాటిని ట్యాగులంటారు మేడమ్. ఫొటో ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మీరు దానికి ఎన్ని పేర్లయినా తగిలించుకోవచ్చు. ఏ పేరు నొక్కినా ఆ పేరున్నవన్నీ వచ్చేస్తాయి."

నేను ఏమీ తెలియనట్టు బుద్ధిగా తల ఊపాను.

జూలై 5, శనివారం

వారంలో ఎనిమిది వందల ఫొటోలకి ట్యాగులు పెట్టాను. జ్ఞానస్నానం. దివ్యపూజ. పంటకాలువ. గృహప్రవేశం. కుటుంబం. ఒక్కో ట్యాగు పక్కన చిన్న బొమ్మ పెట్టే ఏర్పాటు కూడా ఉంది. కాపీలన్నీ చెరిపేశాను. కడుపు నిండినట్టుంది.

ఆయన్ని కూర్చోబెట్టి "దివ్యపూజ కావాలా, గృహప్రవేశం కావాలా?" అన్నాను. ఆయన మర్యాదగా తల ఊపారు. చుట్టాలింట్లో తెలియని పిండివంట పెడితే ఎలా ఊపుతారో అలా.

జూలై 6, ఆదివారం

ఏమీ ముట్టుకోలేదు. ఇద్దరం వరండాలో కూర్చుని రోడ్డు చూశాం. "కాలువ" అన్నారు ఆయన, ఆటోలు చూస్తూ. నిండుగా పారుతోంది అన్నాను. సంతోషించారు.

జూలై 9, బుధవారం

దివ్యపూజ ఆయన మాట కాదు, నా మాట. అంత చిన్న సంగతి తట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

నా ట్యాగులన్నీ తీసేసి ఆయనవి పెట్టాను. తలుపులూ కిటికీలూ గేట్లూ కనిపించే ప్రతి ఫొటోకీ షట్టర్. దీపాలు, కొవ్వొత్తులు, క్రిస్మస్ నక్షత్రాలు, నీళ్లొదిలారు. అందరూ నవ్వుతున్న ఫొటోలు, ఆ రోజు చప్పట్లు గుర్తొచ్చి, సోమవారం. నేను ఉన్నవన్నీ ఏఈ గారు.

స్కూలు నుంచి రాగానే ఆయన్ని కూర్చోబెట్టి, బొమ్మల మీద మౌసు పెడుతూ పేర్లు చదివాను. "షట్టర్" అనగానే నావైపు తిరిగారు. "నీళ్లొదిలారు" అన్నాను. నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు. నోరు కుడివైపు సరిగ్గా లేవదు, అయినా భుజాలు ఊగిపోయేలా నవ్వారు. నా చేతిలోంచి మౌసు లాక్కుని "ఏఈ గారు" బొమ్మ నొక్కారు. తెరనిండా నేనే. పాతికేళ్ల నేను, ముప్పై ఐదేళ్ల నేను, హన్నాని ఎత్తుకున్న నేను, ఆయన స్కూటర్ వెనక జడ ముందుకు వేసుకుని కూర్చున్న నేను.

ఒక్కొక్కటే చూశారు. చివరికి "హెల్" అన్నారు. మిగతాది రాలేదు. ఫరవాలేదు, సగం చాలు.

జూలై 13, ఆదివారం

హన్నా గుంటూరు నుంచి వచ్చింది. నాన్న మాటల జాబితా చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. తన పేరు జాబితాలో లేదని అలిగింది కూడా. "నన్నేమంటారు నాన్నా?" అంటే ఆయన చాలాసేపు ఆలోచించి, "జీతం" అన్నారు. ఒకటో తారీఖున వచ్చేది, వస్తే ఇల్లంతా సందడి. అంతకంటే పెద్ద మాట ఆయన దగ్గర లేదు. హన్నా ట్యాగు ఇకనుంచి అదే.

వెళ్తూ వెళ్తూ చెప్పులేసుకుంటూ అంది: "అమ్మా, మంగరాజు మామయ్య ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తాడు. నాన్న ఎలా ఉన్నాడని అడుగుతాడు. నీకు చెయ్యడానికి భయపడుతున్నాడు."

"బస్సుకి ఆలస్యమవుతుంది," అన్నాను.

"అమ్మా."

"కొంగు సరిచేసుకో, ఆటో చక్రంలో పడుతుంది."

జూలై 14, సోమవారం

ఆ రోజు మంగరాజుతో ఏం తప్పు మాట్లాడాను? మామయ్య అని పిలుపే గానీ చుట్టమేం కాదు, బందరులో చేపలు పట్టే ఈయన స్నేహితుడు. ఆ మనిషి బోటు ఎక్కించుకోబట్టే కదా ఇదంతా. మా ఆయన బోటు మీద పడిపోతే దగ్గర్లో ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లకుండా, చేపల బండిలో పడుకోబెట్టి దాదాపు రెండు గంటలు విజయవాడ దాకా తెచ్చాడు. ఐసు నీళ్లు కారుతున్న బండి. ఆసుపత్రి వరండాలోనే చెప్పాను, మా గడప తొక్కొద్దని. చెప్పాల్సిందే చెప్పాను.

చెప్పాల్సిందే చెప్పాను.

జూలై 19, శనివారం

ఏలూరు కాలువ నిండుగా వస్తోంది. కర్ర సాయంతో గట్టుదాకా నడిపించాను. నీళ్లు చూస్తూ ఆయన "నీళ్లొదిలారు" అన్నారు. ఈసారి సరైన మాటే, సరైన చోట. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నా చెయ్యి గట్టిగా నొక్కారు, ఎడమచేత్తో.

జూలై 27, ఆదివారం

ఇప్పుడు ట్యాగులు ఆయనే పెడుతున్నారు. నేను స్కూలుకు వెళ్లాక సంపూర్ణమ్మగారు కంప్యూటర్ తెరిచిపెడితే మధ్యాహ్నందాకా అదే పని. నేను వచ్చి చూసుకుంటాను. కోడిపుంజు మీద "ఏఈ గారు" అని పెట్టారు. పొరపాటో కాదో తెలియదు.

కొత్తది ఒకటి తనే తయారు చేశారు. ఎడమచేత్తో నొక్కిన అక్షరాలు: ఎస్, ఎస్, డి. అర్థమేమీ లేదు. బొమ్మ కూడా పెట్టలేదు. చెయ్యి తగిలి పడిందేమో, తీసేద్దామనుకున్నాను. పెట్టుకున్నవి తీసేస్తే నొచ్చుకుంటారని వదిలేశాను.

పద్మశ్రీగారికి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడింది. "తనే కొత్తది చేశారా? హెలెన్‌గారూ, అది మాట అండీ. మనకి తెలియని మాట, అంతే."

ఆగస్టు 2, శనివారం

పాపసంకీర్తనానికి వెళ్లాను. ఫాదర్‌గారికి విసుగు గురించి చెప్పాను, ప్రార్థనలో మనసు నిలవకపోవడం గురించి చెప్పాను, సంపూర్ణమ్మగారి మీద ఒకరోజు కోప్పడ్డ సంగతి చెప్పాను.

బయటికొచ్చి కొండ మెట్ల దగ్గర కాసేపు కూర్చున్నాను.

ఆగస్టు 9, శనివారం

మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక ఆ ఎస్ ఎస్ డి నొక్కి చూశాను.

అరవై మూడు ఫొటోలు. అన్నీ వేర్వేరు. కంకిపాడు తూము దగ్గర పనివాళ్లు వరసగా నిలబడ్డది. హన్నా జ్ఞానస్నానం. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకల గుట్ట. మేరీమాత ఉత్సవాల్లో జనం. హన్నా పెళ్లి భోజనాలు. వేలికి కట్టు కట్టించుకుంటున్న నేను. వీటన్నిటికీ కలిసేదేమిటా అని మళ్లీ మొదటినుంచీ చూశాను. మూడోసారి చూసేటప్పుడు దొరికింది.

తూము ఫొటోలో వరస చివర సగం భుజం. జ్ఞానస్నానంలో వెనకాల, తలపాగా తీసి చేత్తో పట్టుకున్న మనిషి. ఇటుకల గుట్ట మీద ఆరేసిన గళ్ల లుంగీ, దాని పక్కన ఒక చెయ్యి. ఉత్సవాల జనంలో తన దేవుడు కాకపోయినా కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కుతున్నవాడు. పెళ్లి భోజనాల్లో మొహం కనపడకుండా వంగి వడ్డిస్తున్నవాడు. నా కట్టు ఫొటోలో ఆ కట్టు కడుతున్న వేళ్లు.

మంగరాజు. బందరు ఫోల్డర్ తీసుకెళ్లి బీరువాలో దాచేస్తే అయిపోయిందనుకున్నాను. మిగిలిన తొమ్మిదిన్నర వేల ఫొటోల్లోంచి, పేరు గుర్తులేని మనిషిని, భుజాన్నిబట్టి, లుంగీనిబట్టి, వేళ్లనిబట్టి ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నారు. పిలవడానికి మాట లేక ఏవో మూడు మీటలు నొక్కి ఆ పేరు పెట్టుకున్నారు.

"ఉప్పు" అంటే ఏమిటో నాకు జూన్‌లోనే తెలుసు. ఆయన బందరులో పనిచేసిన తొమ్మిదేళ్లూ, ఆ తరవాత కూడా, నెలకోసారి మంగరాజు మా ఇంటికి ఉప్పుచేపలు తెచ్చేవాడు. ఈ ఇంట్లో ఉప్పంటే ఎవరో నాకు తెలియదా? తెలిసే ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

ఇంకోటి కూడా రాస్తాను, ఇక్కడైనా రాయకపోతే ఎలా. మార్చి 22 పొద్దున్న ఆరున్నరకి, బందరు బయలుదేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకోలేక "హెలెన్, కుడిచెయ్యి తిమ్మిరిగా ఉంది" అన్నారు. నేను స్కూలుకి తయారవుతున్నాను. "దానిమీదే పడుకున్నారు కదా, బస్సులో గాలి తగిలితే పోతుంది లెండి," అన్నాను. గుండీలు నేనే పెట్టి పంపించాను. ఆసుపత్రిలో డాక్టరు ఎప్పుడు మొదలైందని అడిగితే పదిన్నరకి, బోటు మీద అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

పూజకి వెళ్లలేకపోయాను.

ఆగస్టు 12, మంగళవారం

ఫోన్ చేశాను. ఒక్కసారి మోగగానే ఎత్తాడు.

"చెల్లెమ్మా! బావకేమైంది?"

ఏమీ కాలేదన్నాను. ఆదివారం రమ్మన్నాను. అటువైపు ఫోన్ చేతులు మారింది. తరవాత వాళ్లావిడ అంకాలమ్మ గొంతు వినిపించింది. "వదినా, ఈయన ఏడుస్తన్నాడు. ఆదివారం అని చెప్పావా? ఎన్నింటికి?"

ఆగస్టు 17, ఆదివారం

తొమ్మిదింటికి రమ్మంటే ఏడున్నరకే వీధి చివర నిలబడ్డాడట. సంపూర్ణమ్మగారు చూసి చెబితే నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. చిక్కిపోయాడు. గడప దగ్గర ఆగిపోయాడు.

"తొక్కనా?" అన్నాడు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రా అన్నయ్యా," అన్నాను.

ఈయన హాల్లో కుర్చీలో ఉన్నారు. చూశారు. లేవబోయారు, కర్ర జారిపోయింది. మంగరాజు ఒక్క అంగలో వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని. ఈయన నోట్లోంచి ఏవో చప్పుళ్లు, మాటలు కావు. మంగరాజు అన్నిటికీ "ఆఁ బావా, ఆఁ బావా" అంటున్నాడు, అంతా అర్థమైనట్టు.

కాఫీ ఇచ్చాను. ఎదురుగా కూర్చున్నాను. ఐదు రోజులుగా వాక్యం తయారు చేసుకున్నాను. తీరా వచ్చేసరికి అంతా చెదిరిపోయింది.

"అన్నయ్యా, ఆ రోజు నిన్ను అనరాని మాటలన్నాను. తప్పు నీది కాదు. పొద్దున్నే చెయ్యి తిమ్మిరిగా ఉందన్నారు నాతో. నేను పట్టించుకోలేదు. గాలి తగిలితే పోతుందన్నాను. డాక్టరుకి చెప్పలేదు, హన్నాకి చెప్పలేదు, ఫాదర్‌గారికి కూడా చెప్పలేదు. ఎవరో ఒకరిమీద వెయ్యాలి కదా అని నీమీద వేశాను."

మంగరాజు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తల ఎత్తలేదు.

"నాతోనూ అన్నాడు చెల్లెమ్మా."

"ఏమని?"

"రేవులో దిగంగానే. చెయ్యి మొద్దుబారినట్టుందిరా అన్నాడు. బోటెక్కితే పోద్దిలే బావా, సముద్రం గాలి తగలాల గానీ అన్నాను. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. నువ్వు ఆసుపత్రిలో అట్టా అన్నప్పుడు, నీకు తెలిసిపోయిందనుకున్నాను. తిట్టు నాకు సరిపోయిందనుకున్నాను. అందుకే ఒక్కమాట తిరిగి అన్లేదు."

ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేకపోయాం. ఐదు నెలలు ఇక్కడ నేను, అక్కడ అతను, అదే మాటని మోసుకుంటూ తిరిగాం.

అప్పుడు ఈయన కర్రతో నేలమీద కొట్టారు. గట్టిగా, రెండుసార్లు. ఇద్దరం ఉలిక్కిపడి చూశాం. ఆయన మొదట నావైపు వేలు చూపించారు, తరవాత మంగరాజు వైపు. తరవాత ఆ వేలితోనే తన గుండెమీద కొట్టుకున్నారు.

"నేనూ," అన్నారు. "నేనూ. పోద్ది. నేనూ."

అంత స్పష్టంగా ఐదు నెలల్లో ఏ మాటా రాలేదు. చెయ్యి ఆయనది. పోతుందిలే అనుకున్నది ముందుగా ఆయనే. మమ్మల్నిద్దర్నీ చూసి కోపంగా తల అడ్డంగా ఊపి, ఇంక చాలించండి అన్నట్టు కర్ర పక్కన పడేశారు.

అర్థం కాదని నేను రాసిపెట్టిన మనిషి.

బీరువా తీసి హార్డ్ డిస్కు తెచ్చి కంప్యూటర్‌కి పెట్టాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. ఈయన వినిపించుకోలేదు. అప్పటికే ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

ఆగస్టు 31, ఆదివారం

వరసగా మూడో ఆదివారం మంగరాజు వస్తున్నాడు. బందరు ఫొటోల ట్యాగుల పని సాగుతోంది. మంగరాజు చదువుకోలేదు, కానీ ప్రతి బోటుకీ పుట్టినరోజు చెబుతాడు. అతను చెబుతుంటే నేను టైపు చేస్తాను. ఈయనకి నచ్చకపోతే కర్రతో నేలమీద కొడతారు, తీసేస్తాను.

"అది గాలివాన ఏడు చెల్లెమ్మా, గాలివాన అని పెట్టు."

కర్ర దెబ్బ.

"కాదంటావేందయ్యా? వలలన్నీ పోయినయ్ గదా నాకు!"

ఈయన ఫొటోలో మూలకి వేలు పెట్టారు. అక్కడ అంకాలమ్మ, కొత్త పెళ్లికూతురు, సిగ్గుపడుతూ. మంగరాజు తెర దగ్గరికి వంగి చూశాడు. తరవాత మెల్లిగా, "సరే, సోమవారం అని పెట్టు," అన్నాడు.

రెండూ పెట్టాను. ఎన్నయినా పెట్టుకోవచ్చు కదా.

సెప్టెంబరు 6, శనివారం

హన్నాకి అంతా చెప్పాను. ఫోన్‌లో చివరిదాకా వింది. తరవాత "అమ్మా, అన్నం తిన్నావా?" అంది. పొద్దున ఫాదర్‌గారికి కూడా చెప్పాను. డాక్టరుకి వచ్చే వారం చెబుతాను.

సెప్టెంబరు 13, శనివారం

పోయిన ఆదివారం మంగరాజు, బావని బందరు తీసుకెళ్తానన్నాడు. అద్దెకారులో, అంకాలమ్మ కూడా వెంట ఉంటుందట. బోటు ఎక్కించను, రేవులో కూర్చోబెడతాను అన్నాడు. పద్మశ్రీగారు వెళ్లనివ్వండి అన్నారు. డాక్టరుగారు వెళ్లొచ్చన్నారు. అందరూ అన్నాక నావైపు చూశారు.

ఈ పొద్దున కారు వచ్చాక నేనూ వస్తానని నోటిదాకా వచ్చింది. ఈయన అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు రోజూ ఇలాగే ఒక్కరే కాలువగట్లకి వెళ్లిన మనిషి. మందుల పెట్టె అంకాలమ్మ చేతిలో పెట్టి, ఏ మాత్ర ఎప్పుడో రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతుంటే ఈయన వెనక్కి తిరిగి "ఏఈ గారూ" అన్నారు. అంతే. సంతకం పెట్టేసి పనిలోకి పంపమన్నట్టు.

పంపాను.

ఇల్లంతా తుడిచాను. రెండుసార్లు తుడిచాను. పదకొండున్నరకి మంగరాజు ఫోన్‌నుంచి ఫొటో వచ్చింది. రేవులో తాడు చుట్టమీద కూర్చున్నారు, కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, కళ్లు చికిలించి. వెనక అరడజను మంది చేపలవాళ్లు, ఎవరూ కెమెరాకేసి చూడటం లేదు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఏదో చెబుతున్నారు. నోరు తెరిచే ఉంది.

ఏం చెబుతున్నారో ఆ ఫొటోలో తెలియదు. కంప్యూటర్‌లోకి ఎక్కించి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఐదున్నరకి దింపి వెళ్లారు. ఎండకి మొహం నల్లబడింది, చొక్కానిండా చేపల వాసన. ఎలా ఉందని అడుగుతుండగానే కుర్చీలో నిద్రపోయారు. టోపీ నేనే తీశాను.

ఆ ఫొటోకి ఇంకా ఏ ట్యాగూ పెట్టలేదు. అది ఆయన పని.